మా శేషు మావయ్యకు ఎవరూ డబ్బులివ్వలేదు

మొన్న ఆదివారం పొద్దున పదకొండింటికి మా శేషు మావయ్య బడంగ్‌పేట్ నుంచి బస్సెక్కి ఎల్బీనగర్‌లో మా ఫ్లాటుకి వచ్చి, ఇంకా చెప్పులైనా విప్పకుండానే నన్ను ఐదు వేలు అడిగాడు. "అమ్మడూ, ఒక ఐదు వేలు సర్దు. ఎందుకని మాత్రం అడక్కు" అన్నాడు. అప్పుడు చెప్పులు విప్పి, రెండూ జతచేసి గోడవార పెట్టి, లోపలికొచ్చి మా ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన పేపరు కొంచెం దించి "రండి మావయ్యగారూ" అని మళ్లీ ఎత్తుకున్నారు. మా అబ్బాయి కార్తీక్ అప్పటికే స్నేహితులతో బయటికి వెళ్లిపోయాడు. నేను మావయ్యకి మంచినీళ్లిచ్చి, "భోంచేశాక చూద్దాంలే మావయ్యా" అనేసి వంటింట్లోకి పారిపోయాను. పారిపోవడం అన్న మాట కావాలనే వాడుతున్నాను. యాభై ఆరేళ్లదాన్ని, ఇన్నేళ్లు ఉద్యోగం చేసి పదిమందికి సలహాలు చెప్పినదాన్ని, ఐదు వేల కోసం కత్తిపీట ముందు కూర్చుని గిన్నెల చాటున దాక్కున్నాను.

ఐదు వేలు ఇప్పుడు నాకు పెద్ద మొత్తం కాదు. అడిగినవాడు శేషు మావయ్య కావడమే చిక్కు. ఆయన మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. డెబ్భై నాలుగేళ్లు వచ్చాయి. తాగుడు మానేసి ముప్పై ఏళ్లు దాటింది. ఈ ముప్పై ఏళ్లలో ఎవరినీ రూపాయి అడిగిన పాపాన పోలేదు. పండక్కి నేను పెట్టే పంచె కూడా "అల్లుడుగారికి బాగుంటుంది, ఆయన్నే కట్టుకోమను" అని వంక పెట్టి తప్పించుకుంటాడు. అలాంటి మనిషి నోట ‘ఐదు వేలు’, ‘ఎందుకని అడక్కు’ అన్న రెండు మాటలు వెంటవెంటనే వినేసరికి దొండకాయలు తరుగుతున్న నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడా? అయితే ఇచ్చి చేతులారా పాడుచేసినదాన్నవుతాను. మొదలుపెట్టకపోతే? నిజంగా అవసరమై అడిగితే, ఈ వయసులో ఆయన ముఖం చిన్నబుచ్చినదాన్నవుతాను. ఇలా ఆలోచించడం నాకు కొత్త కాదు. నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో మా ఇంట్లో పొద్దున కాఫీతో మొదలై సాయంత్రం దీపం పెట్టేదాకా నడిచిన గొడవ ఇదొక్కటే, శేషుకి ఇవ్వాలా వద్దా అని.

అప్పట్లో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో, పండ్ల మార్కెట్టుకి దగ్గరగా ఒక సందులో, రెండు గదుల వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్నకి బదిలీ అయి గుంటూరు వైపు నుంచి వచ్చాం. ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఏం వండినా మామిడిపండు వాసన వేసేది. చివరికి చారు కూడా అదే వాసన వేస్తోందని నాన్న కంచం ముందు కూర్చుని రోజూ ఫిర్యాదు చేసేవారు, రెండోసారి మాత్రం మానకుండా పోయించుకునేవారు. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆదివారం నాడు కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కునే కూర్చునేవారు. ఎందుకంటే "ఎవరైనా వస్తే?" అనేవారు. ఆ ఊళ్లో మాకు వచ్చేవాడు మావయ్య ఒక్కడే. అమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. బియ్యం ఏరడం, కూరగాయలు తరగడం, జడ వేసుకోవడం, తీర్పులు చెప్పడం అన్నీ అక్కడినుంచే. అమ్మ ఒక మాట అన్నదంటే అది చట్టం. దాని కింద నాన్న సంతకం ఉన్నట్టే లెక్క.

మావయ్య సైన్‌బోర్డులు రాసేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో సందు సందుకీ కోచింగ్ సెంటర్లు పుట్టుకొస్తున్న కాలం అది. ప్రతి సెంటరుకీ గోడ నిండా ఒక బోర్డు కావాలి, ర్యాంకులు వచ్చినవాళ్ల పేర్లు కావాలి, రానివాళ్లని ఊరించడానికి ఎర్ర బాణం గుర్తులు కావాలి. అవన్నీ మావయ్య చేతివే. నన్ను కాలేజీకి తీసుకెళ్తూ, "అదుగో, ఆ ‘గణితం’ నాదే. చూశావా, ‘ణ’ ఎంత ఒద్దికగా కూర్చుందో" అని చూపించేవాడు. ఆయన చేతులు ఎప్పుడూ కిరసనాయిలు, రంగు కలిసిన వాసన వేసేవి. ఆ వాసన వెనకాల రెండో వాసన ఒకటి ఉండేది. మొదటిది నాకు ఇష్టం. రెండోదాని గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు గానీ, ఆయన రాగానే ఎవరో ఒకరు లేచి కిటికీ తెరిచేవారు. పొద్దున్నే ఆయన చెయ్యి వణికేది. వణుకు ఆగాలంటే సారా పడాలి, అది పడితేనే మధ్యాహ్నం దాకా గీత తిన్నగా వచ్చేది, ఆ తర్వాత మళ్లీ పడాలి. "నేను తాగేది చేతి కోసం అమ్మడూ, నోటి కోసం కాదు" అని ఒకసారి నాతో చాలా గంభీరంగా చెప్పాడు. పదహారేళ్లదాన్ని, పూర్తిగా నమ్మాను.

అమ్మ చట్టం చాలా చిన్నది. శేషు చేతికి డబ్బు ఇవ్వకూడదు, ఏం కావాలన్నా వస్తువుగానే ఇవ్వాలి. ఆకలంటే అన్నం, చొక్కా చిరిగితే చొక్కా, ఇంకా సబ్బు, బియ్యం, కందిపప్పు. ఆఖరికి జుట్టు కత్తిరింపుకి కూడా డబ్బు చేతికివ్వకుండా నాన్న స్వయంగా వెంట వెళ్లేవారు. ముప్పై అయిదేళ్ల మనిషి కటింగ్ షాపులో తల వంచుకుని కూర్చుంటే, పక్క బెంచీ మీద బావగారు ఇస్త్రీ చొక్కాలో కాపలా కూర్చునేవారు. పని పూర్తయ్యాక ఆయనే డబ్బిచ్చి, మావయ్యని వెనకా ముందూ తిప్పి చూసి, "బాగుంది, పద" అనేవారు. ఇంత కట్టుదిట్టంగా ఇచ్చినవాటిని మావయ్య అంత సులువుగానూ అమ్ముకునేవాడు. ఒకసారి అమ్మ సందు చివర కిరాణా కొట్లో కందిపప్పు కొనుక్కొచ్చింది. సంచి మూతికి వేసిన ముడి తనదే. పొద్దున తనే తమ్ముడికి కట్టి ఇచ్చిన ముడి. ఆ దారాన్ని చేత్తో విప్పకుండా పళ్లతో కొరికి తెంపింది.

ఆ మర్నాడే అమ్మకి స్టీలు క్యారేజీ ఆలోచన వచ్చింది. గిన్నెల మీద పేరు కొట్టించడం మనకి మామూలే కదా. పేరుంటే ఎవరూ కొనరని అమ్మ ధైర్యం. మెయిన్‌రోడ్డు మీద నర్సింహ స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లి మూడు గిన్నెల క్యారేజీ కొని, మూడు గిన్నెల మీదా ఒకే మాట కొట్టించింది: ‘ఈ క్యారేజీ శేషగిరిది. ఎవరూ కొనకూడదు.’ నర్సింహ అక్షరానికి ఇంతని తీసుకునేవాడు. నాన్న బిల్లు చూసి గుండెలు బాదుకున్నారు. "‘శేషగిరి’ అంటే చాలదా? ఈ రెండో వాక్యం మూడుసార్లెందుకు?" అన్నారు. "ఉత్త పేరు చూసి కొనేవాడు కొనేస్తాడండీ. విషయం పూర్తిగా చెప్పాలి" అంది అమ్మ. మావయ్య ఆ క్యారేజీని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. అవమానంగా అనిపించిందేమోనని నాకు భయం వేసింది. "అక్కా, ఆ ‘శ’కి నడుం పడిపోయింది చూడు. నాకు చెప్తే నేను రాసిచ్చేవాణ్ణి కదా" అన్నాడు. ఆయనకి బాధంతా అక్షరం గురించే, అందులో రాసి ఉన్నదాని గురించి కాదు.

వారం తిరక్కుండా నర్సింహ ఆ క్యారేజీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన అక్కడి మనిషే, తాతల నాటి పొలం అమ్ముకుని ఆ డబ్బుతో కొట్టు పెట్టుకున్నాడు.

"అమ్మా, గిది మీ తమ్ముడు పేంటర్ సాబ్ దెచ్చిండు. కొనమన్నడు" అన్నాడు.

"కొనకూడదని రాసుంది కదయ్యా నర్సింహా! చదువుకోలేదా?" అని అమ్మ గయ్యిమంది.

"చదివిన అమ్మా. కొట్టింది నేనే గద, చదవకుంట ఎట్ల ఉంట? గాని గాయన చేతులు జూసిన. మస్తు వణుకుతున్నయ్. జర పరేషాన్‌ల ఉన్నడు. పైసలిచ్చి పంపిన. నేను కొన్నట్టు గాదమ్మా, ఉంచుకున్నట్టు. మీరు పైసలిచ్చినా తీస్కోండి, ఇయ్యకున్నా తీస్కోండి."

అమ్మ లోపలికెళ్లి డబ్బు తెచ్చి ఇచ్చి క్యారేజీ తీసుకుంది. మావయ్య మళ్లీ వచ్చినప్పుడు అందులోనే గోంగూర పప్పు, అన్నం పెట్టి పంపింది. పది రోజులకి నర్సింహ మళ్లీ వచ్చాడు. అలా ఆ క్యారేజీ నాకు గుర్తున్నంతవరకు నాలుగుసార్లు అమ్ముడుపోయింది. ఎప్పుడూ కొన్నది మేమే. "మనం వాడి చేతికి డబ్బివ్వట్లేదుగా. నర్సింహ చేతికిస్తున్నాం" అని నాన్న అమ్మని ఓదార్చేవారు. ఆఫీసులో కూడా ఆయన ఫైళ్లు ఇలాగే నడిపేవారని నా అనుమానం.

ఇక నా సంగతి. నేను బైపీసీ విద్యార్థిని. బాటనీ రికార్డులో బొమ్మలు వెయ్యడం నాకు చచ్చినా వచ్చేది కాదు. నేను గీసిన మందార పువ్వు చూసి మా లెక్చరర్ అది ఏ జంతువని అడిగింది. మావయ్య పెన్సిలు పట్టుకుని కూర్చుంటే వేరు నుంచి ఆకు ఈనె దాకా అన్నీ కాగితం మీద బతికొచ్చేవి. బొమ్మకింత అని నేను ఆయనకి బస్సు డబ్బుల్లోంచి మిగిల్చి ఇచ్చేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కాలేజీకి రెండు స్టాపులు నడిచి మరీ మిగిల్చేదాన్ని. ఇది ఇవ్వడం కాదు, కూలి అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పనిచేసినవాడికి కూలి ఎగ్గొట్టడం పాపం కదా అనుకున్నాను. అయినా అమ్మ ముందు నిలబడాలంటే ఒళ్లు చల్లబడేది. ఆ ఇంట్లో ఇంతమంది ఇంత నిష్ఠగా ఉంటుంటే, చట్టం తప్పిన ద్రోహిని నేనొక్కదాన్నే అని ఎన్నోసార్లు అద్దంలో నా ముఖం నేను చూసుకోలేకపోయాను.

ఒక రోజు మధ్యాహ్నం, భోజనాల వేళకి మావయ్య వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ కిటికీ తెరవాల్సిన అవసరం రాలేదు. ఆ పొద్దున ఒక కోచింగ్ సెంటరు బోర్డు రాస్తుంటే నిచ్చెన మీద చెయ్యి వణికి, గీత కిందిదాకా జారిపోయిందట. ఆ సెంటరు యజమాని కిరసనాయిలు గుడ్డ తెప్పించి, కింద పిల్లలంతా చూస్తుండగా మావయ్య చేతే ఆ బోర్డంతా తుడిపించాడట. ఈ మాట మావయ్య నవ్వుతూనే చెప్పాడు. తర్వాత "ముగ్గురూ ఒకసారి ఇలా కూర్చోండి" అన్నాడు.

"అక్కా, నువ్వు మంగళవారం మంగళవారం ఉప్పు సరిపోయిందో లేదో చూడమని నన్ను వంటింట్లోకి పిలుస్తావు. పోపులడబ్బా కింద నుంచి తీసి ఇస్తావు. పన్నునొప్పికి మందు కొనుక్కోమంటావు. నా పళ్లు ముప్పై రెండూ బాగానే ఉన్నాయే" అన్నాడు. అమ్మ చేతిలో గరిటె పప్పులోకి జారిపోయింది. "బావగారూ, మీరు ఒకటో తారీఖున ఒకసారి, నెల మధ్యలో ఒకసారి బస్టాపులో ఇస్తారు. మగాడి జేబు ఖాళీగా ఉండకూడదంటారు. అక్కకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంటారు." నాన్న చొక్కా కాలరు సర్దుకున్నారు. మావయ్య నా వైపు తిరిగాడు. ఆయన నోరు తెరవకముందే నేను "నేనిచ్చింది కూలి!" అని అరిచాను.

ఆ తర్వాత కాసేపు మా ఇంట్లో జరిగింది చెప్పడానికి నాకిప్పటికీ నవ్వొస్తుంది. అమ్మ నాన్న మీద విరుచుకుపడింది, నాన్న అమ్మ మీద, ఇద్దరూ కలిసి నా మీద. "చట్టం పెట్టిందెవరు?" అని నాన్న. "సరేనని తల ఊపిందెవరు?" అని అమ్మ. ముగ్గురిలో ప్రతి ఒక్కరికీ మిగతా ఇద్దరూ నమ్మకద్రోహులే. మావయ్య మధ్యలో కూర్చుని, మా అందరికీ కావలసినంత టైమిచ్చి, రెండు చేతులూ చాపి మా ముందు పెట్టాడు. అవి వణుకుతున్నాయి.

"పోట్లాడుకోకండి. ఎవరికి వాళ్లు ఇచ్చేది చూస్తే ఎంతో కాదు. ఒకరిది చాలదు కాబట్టి రెండోవాళ్ల దగ్గరికి పోతాను. ఒకరి సంగతి ఒకరికి తెలీదు కాబట్టి నాకు రోజులు గడిచిపోతున్నాయి. నా అంతట నేను ఆపలేను అక్కా. చాలాసార్లు చూశాను, నావల్ల కాలేదు. మీకేమో ఇవ్వకుండా ఉండటం చేతకాదు. సరే, ఇవ్వండి. కానీ చాటుగా ఇవ్వకండి. ముగ్గురూ ఉన్నప్పుడు, ముగ్గురి ముందు ఇవ్వండి. అంతే నేనడిగేది" అన్నాడు. నాన్న లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చారు. అమ్మ ఏడుస్తూనే ఆయనకి అన్నం వడ్డించింది, ఆయన తింటున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

అమ్మ ఆ మాటని తు.చ. తప్పకుండా అమలు చేసింది. మూడో రోజునే మావయ్య అన్నీ మర్చిపోయి గుమ్మంలోకి వచ్చి మెల్లగా "అక్కా, ఒక పది రూపాయలు…" అన్నాడు. అమ్మ వీధి గుమ్మం దాకా వెళ్లి గొంతెత్తి, "ఏమండీ, ఇలా రండి. అమ్మడూ, నువ్వూ రా. మా తమ్ముడు డబ్బులడుగుతున్నాడు, ఇద్దాం!" అని కేకేసింది. మా ఇద్దరితో పాటు సందులో సగం మంది వచ్చారు. మావయ్య అక్కణ్ణుంచి మాయం. ఇలా రెండు మూడుసార్లు జరిగింది. మాకు నవ్వుగా కూడా ఉండేది. తర్వాత నవ్వు రాలేదు. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి అమ్మని అనరాని మాటలన్నాడు. మేం విన్నాం. అమ్మ తలుపు వెయ్యలేదు, డబ్బూ ఇవ్వలేదు. ఆయన అలసిపోయి వెళ్లేదాకా ఆ గడప పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత రెండో రోజు నర్సింహ పరుగున వచ్చాడు. "అమ్మా, పేంటర్ సాబ్ నా దుకాణం ముంగట ఫిట్స్ వచ్చి పడిండు. ఆటోల వేస్కొని దవాఖానకు తోలిచ్చిన. జల్ది రాండ్రి" అన్నాడు.

దవాఖానలో డాక్టరు మమ్మల్ని చెడామడా తిట్టాడు. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందట, ముందే తీసుకొచ్చి మందుల మీద మెల్లగా మాన్పించాలట. మాకేం తెలుసు? అమ్మ వరండాలో నేల మీద కూలబడింది. "ఇస్తే వాడు చచ్చిపోతాడని ఇవ్వలేదు. ఇవ్వకపోయినా చచ్చిపోతాడంటున్నారు. మరి నన్ను వాడికి అక్కగా ఎందుకు పుట్టించాడు దేవుడు?" అంది. నా రికార్డు పుస్తకంలో ఒక పది రూపాయల కాగితం ఉంది. ఆయనకి ఇద్దామని దాచిందే. అది ఇచ్చి ఉంటే బాగుండేదా, ఇవ్వకపోవడమే మంచిదైందా అని ఆ వరండాలో కూర్చుని ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నేను భయపడినంతగా మళ్లీ ఎప్పుడూ భయపడలేదు.

మావయ్య బతికాడు. ఒక్కసారిగా మారిపోలేదు. మందులు వాడాడు, మానాడు, మళ్లీ తాగాడు, మళ్లీ మానాడు. చాలా ఏళ్లు పట్టింది. నాకు పెళ్లై, కార్తీక్ నా కడుపులో ఉండగా ఒకసారి ఆయన చెయ్యి చాపి చూపించాడు. వణకడం లేదు. తర్వాత కొన్నేళ్లకి బోర్డులు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు, ఫ్లెక్సీలొచ్చాయి. ఎల్బీనగర్‌లో ఒక ఫ్లెక్సీ కొట్లో తప్పులు దిద్దే పనికి కుదిరి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ అక్కడే చేశాడు. మా చట్టం వల్లే మానాడని నేను అనను. డాక్టరున్నాడు, మందులున్నాయి, ఆయన మొండితనముంది. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఆయనకి మందులకో కిరాయికో డబ్బివ్వాల్సి వస్తే ముగ్గురమూ వరసగా నిలబడే ఇచ్చేవాళ్లం, నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ. అమ్మ, నాన్న వెళ్లిపోయి చాలాకాలమైంది. ఆ వరసలో మిగిలింది నేనే.

దొండకాయ వేపుడు ఆ రోజు అడుగంటింది. అందరం అలాగే తిన్నాం. భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి కూర్చున్నాను. "ఇస్తాను మావయ్యా. మీ అల్లుడుగారి ముందే ఇస్తాను" అన్నాను. మావయ్య తల ఊపాడు. "డబ్బు నాకు కాదు అమ్మడూ. కార్తీక్‌కి" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"వాడు ఫోన్‌లో క్రికెట్ పందేలు కాస్తున్నాడు. ఆర్నెల్లయింది. అప్పులు కూడా చేశాడు. ‘తాతయ్యా, నీకైతే అర్థమవుతుంది, అమ్మకి చెప్పకు’ అని బడంగ్‌పేట్ దాకా వచ్చాడు. మూడుసార్లు ఇచ్చాను. నాలుగోసారికి నా దగ్గర లేవు. నిన్నడిగి తీసుకెళ్లి వాడికిద్దామనే పొద్దున బయల్దేరాను. నీ దగ్గర తీసుకుని నీ కొడుక్కే, నీకు తెలియకుండా! నువ్వు వంటింట్లో ఉన్నంతసేపూ ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే నా మీద నాకే నవ్వొచ్చింది."

"నువ్వెలా ఇచ్చావు మావయ్యా? ఎవరికి తెలియకపోయినా నీకు తెలుసు కదా!" అన్నాను.

"తెలుసు. కానీ ఎదురుగా వాడు నిలబడితే తెలిసినవేవీ గుర్తుకు రాలేదు. మీ అమ్మ మంగళవారం మంగళవారం ఎందుకిచ్చేదో నాకు ఈ వయసులో తెలిసొచ్చింది."

అప్పుడు చూశాను మా ఆయన వైపు. భోజనం నుంచి వచ్చినప్పటినుంచీ ఆయన పేపరు ఒకే పేజీ దగ్గర ఉంది. "ఏమండీ" అన్నాను. పేపరు కిందికి దిగింది. "క్రెడిట్ కార్డు బిల్లన్నాడు. రెండుసార్లు. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు" అన్నారు ఆయన నేల చూస్తూ. పెళ్లైన ముప్పై మూడేళ్లలో ఆ మనిషి నా దగ్గర ఏదీ దాచలేడని నేను చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఇద్దరూ నా వైపు చూడటం మొదలుపెట్టారు. పోయిన నెల కార్తీక్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు, ల్యాప్‌టాప్ పాడైంది, ముప్పై వేలు కావాలని. నేను పాలు పొంగకుండా చూసుకుంటూ స్టవ్ దగ్గర నిలబడే ఫోన్ తీసి పంపేశాను. పాలు పొంగేలోపే వాడికి చేరింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ని ఆఫీసే బాగుచేయిస్తుందని నాకు తెలుసు. తెలిసి అడగలేదు. మా అమ్మ చాటుగా ఇవ్వాలంటే కనీసం పోపులడబ్బా ఎత్తాలి, నేను ఇవ్వాలంటే రెండు స్టాపులు నడవాలి. మావయ్య తాగొస్తే ఇల్లంతా తెలిసేది, కిటికీ తెరవాల్సొచ్చేది. నా కొడుకు ఆర్నెల్లుగా నా ఎదురుగా కూర్చుని, అన్నం కలుపుకుంటూ, ఎడం చేత్తో ఫోన్ చూసుకుంటుంటే ఆఫీసు పని కాబోలు పాపం అనుకున్నాను. కూర ఇంకొంచెం వడ్డించాను కూడా.

"నేనూ ఇచ్చాను" అన్నాను. ఎంత ఇచ్చానో చెప్పాను. ఎందుకని అడగలేదో కూడా చెప్పాను. అది చెప్పడానికి ఎక్కువసేపు పట్టింది. మా ఆయన లేచి నాకు మంచినీళ్లు తెచ్చారు.

"వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. దీనికీ డాక్టర్లున్నారు. నా విషయంలోలా ఆలస్యం చెయ్యకండి, మీ అమ్మావాళ్లలా తెలియక ఆగిపోకండి" అన్నాడు మావయ్య. తర్వాత, "నీకెవరు చెప్పారని అడుగుతాడు. నా పేరే చెప్పు. నా ముఖం చూడనంటాడు. అననీ. దవాఖాన నుంచి వచ్చాక నేను మీ అమ్మతో ఆర్నెల్లు మాట్లాడలేదు, గుర్తుందా?"

"గుర్తుంది. తర్వాత ఎందుకు మాట్లాడావు?"

"ఆకలేసింది" అన్నాడు మావయ్య. అంత దుఃఖంలోనూ మా ముగ్గురికీ నవ్వొచ్చింది.

మావయ్యని ఆ రోజు ఇంటికి వెళ్లనివ్వలేదు. టీ పెట్టుకుని తాగాం. వాడితో ముందు ఎవరు మాట్లాడాలో, ఏం అనకూడదో అనుకున్నాం. మా ఆయన పేపరు మడిచి టీపాయ్ కింద పెట్టేశారు. ఐదింటికి లిఫ్ట్ ఆగిన చప్పుడైంది, కార్తీక్ తాళంచెవి తలుపులో తిరిగింది. వంటింట్లో పాలు దించాల్సిన టైమది, మా ఆయన వాకింగుకి వెళ్లాల్సిన టైము, మావయ్య కాసేపు నడుం వాల్చే టైము. ముగ్గురం హాల్లోనే కూర్చున్నాం.